పొరుగువాళ్ళు దాచిన పెళ్ళిపాట: మారమరోష్ యూదుల సంగీతం

బుడాపెస్టుకు చెందిన ముజికాష్ అనే చిన్న బృందం 1993లో హానిబల్ రికార్డ్స్ ద్వారా ఒక ఆల్బం విడుదల చేసింది. ట్రాన్సిల్వేనియా ఉత్తరపు అంచున, కార్పేథియన్ కొండల నడుమ ఉన్న మారమరోష్ సీమలో యూదులు తమ పెళ్ళిళ్ళలో, పండుగల్లో వాయించుకున్న, పాడుకున్న సంగీతం అందులో ఉంది. ఆ సంగీతాన్ని పోషించిన యూదు సమాజం అప్పటికి దాదాపు యాభై ఏళ్ళ కిందటే తుడిచిపెట్టుకుపోయింది. అయినా రికార్డు సాధ్యమైంది. ఒకప్పుడు యూదుల పెళ్ళిళ్ళకు కూలికి వాయించిన రోమా వాద్యకారులు ఆ బాణీలను మరచిపోకపోవడం అందుకు పెద్ద కారణం. క్లెజ్మర్ సంగీత చరిత్రలో, అంటే తూర్పు యూరప్ యూదుల పెళ్ళి వాద్యసంగీత చరిత్రలో, ఈ ఆల్బంకు ప్రత్యేక స్థానం దక్కడానికి కారణం కూడా అదే.

మారమరోష్ తీసా నది ఎగువ లోయ. 1920 నాటి ట్రియనాన్ సంధికి ముందు అది హంగరీ రాజ్యంలో ఒక జిల్లా. ఆ సంధితో తీసా నదికి దక్షిణాన ఉన్న భాగం రొమేనియాకు, ఉత్తరాన ఉన్న భాగం చెకొస్లొవేకియాకు వెళ్ళాయి. ఉత్తర భాగం ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. రొమేనియన్లు, ఉక్రెయిన్ భాష మాట్లాడే హుత్సుల్ కొండ ప్రజలు, హంగేరియన్లు, జర్మన్లు, యూదులు, రోమాలు ఒకే లోయలో బతికిన చోటు ఇది. యూదులు పట్టణాలకే పరిమితం కాలేదు. పొలం దున్నినవారు, అడవిలో కలప కొట్టినవారు, బళ్ళు తోలినవారు వారిలో చాలామంది ఉన్నారు. యూరప్‌లో చాలా చోట్ల యూదులకు భూమితో సంబంధం తక్కువ కాబట్టి ఈ సీమ పరిస్థితి వేరు. ముఖ్య పట్టణం సిగెత్‌లో 1941 నాటికి సుమారు 10 వేల మంది యూదులు ఉండేవారు. పట్టణ జనాభాలో వారిది దాదాపు 40 శాతం. నోబెల్ శాంతి బహుమతి గ్రహీత ఏలీ వీజెల్ 1928లో పుట్టింది ఆ ఊళ్ళోనే.

ఈ యూదుల్లో ఎక్కువమంది హసీదులు. 18వ శతాబ్దంలో పుట్టిన హసీద్ భక్తి ఉద్యమం పాటను, ఆటను ప్రార్థనతో సమానం చేసింది. గురువును రెబ్బె అంటారు. ఆయన చుట్టూ శిష్యులు చేరి, మాటలు లేని రాగాలను గొంతెత్తి గంటల తరబడి పాడతారు. ఆ రాగాలను నిగున్ అంటారు. సిగెత్‌లోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ రెబ్బెల పీఠాలు ఉండేవి. తర్వాతి కాలంలో ప్రపంచమంతా విస్తరించిన సత్మార్ పీఠాన్ని స్థాపించిన జోయెల్ టైటెల్‌బామ్ 1887లో సిగెత్‌లోనే పుట్టాడు. సపున్త్సా అనే పల్లె పేరు మీద వచ్చిన స్పింకా పీఠం కూడా ఈ సీమదే.

యూదు మతాచారంలో వాద్యానికి హద్దులున్నాయి. క్రీ.శ. 70లో జెరూసలేం ఆలయం కూలిపోయాక, ఆ శోకానికి గుర్తుగా మతపెద్దలు వాద్యసంగీతాన్ని కట్టడి చేశారు. వధూవరులను సంతోషపెట్టడం పుణ్యకార్యం కాబట్టి పెళ్ళికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి దాకా సాగే విశ్రాంతి దినం సబ్బాతు నాడు వాద్యం ముట్టకూడదు. వాయించేటప్పుడు తీగె తెగితే బాగుచేయాల్సి వస్తుందని, అది పని కిందికి వస్తుందని యూదు ధర్మగ్రంథం తాల్ముద్ చెప్పిన కారణం. అందువల్ల ఆ సంగీతం సహజంగానే రెండు పాయలైంది. సబ్బాతు భోజనపు బల్ల దగ్గర, రెబ్బె సన్నిధిలో గొంతుతో పాడేది ఒకటి. పెళ్ళిలోనూ, వేడుకగా జరుపుకునే పూరీం పండుగలోనూ వాద్యాలతో మోగేది రెండోది. మొదటి పాయ ఇంటివాళ్ళ చేతుల్లోనే ఉండిపోయింది. రెండోది కూలికి వచ్చిన వాద్యకారుల చేతుల్లోకి వెళ్ళింది. తర్వాత ఏది ఎలా మిగిలిందో నిర్ణయించింది చాలావరకు ఈ విభజనే.

మారమరోష్ యూదు పెళ్ళి ఒక రోజుతో ముగిసేది కాదు. పెళ్ళికూతురిని కుర్చీలో కూర్చోబెట్టి, పుట్టింటిని విడిచిపోతున్న సంగతి గుర్తుచేస్తూ కంటతడి పెట్టించే ఘట్టం ఒకటి ఉండేది. బద్ఖన్ అనే పెళ్ళికవి అప్పటికప్పుడు ప్రాసలు కట్టి పాడేవాడు. అతని ప్రతి చరణం చివర వయొలిన్ ఏడుపు గొంతుతో బదులు పలికేది. మంటపానికి వెళ్ళేటప్పుడు ఒక నడక బాణీ, అతిథులను ఒక్కొక్కరినీ ఆహ్వానించేటప్పుడు మరొకటి, తెల్లవారాక వీడ్కోలుకు ఇంకొకటి ఉండేవి. ఆడవాళ్ళు వేరుగా, మగవాళ్ళు వేరుగా ఆడేవారు. చివరి ఘట్టం మిత్స్వా తాంత్స్. అందులో పెళ్ళికూతురు ఒక పొడవాటి నడికట్టు కొసను పట్టుకుని నిలబడుతుంది. రెబ్బె, దగ్గరి బంధువులు రెండో కొస పట్టుకుని ఆమె ఎదుట ఆడతారు. హసీదుల్లో ఈ ఆచారం నేటికీ ఉంది.

వాయించేవారు యూదులే కానవసరం లేదు. యూదు బృందాలు, రోమా బృందాలు, రెండు వర్గాలూ కలిసిన బృందాలు ఒకే పనికోసం తిరిగేవి. యూదు వాద్యకారులు రైతుల పెళ్ళిళ్ళకు వెళ్ళేవారు. రోమా వాద్యకారులు హసీదుల పెళ్ళిళ్ళకు వచ్చేవారు. ఎవరి ఇంట ఎవరి బాణీ వాయించాలో తెలియకపోతే వాద్యకారుడికి రోజు గడవదు. అతిథి కోరిన ఆటబాణీ కోరిన వెంటనే అందుకుంటేనే వయొలిన్ మీద నోటు పడుతుంది. అందుకని రోమా కుటుంబాలలో తండ్రి దగ్గర కొడుకు రొమేనియన్ల ఆటపాటలతో పాటు హంగేరియన్ల చార్దాష్, యూదుల పెళ్ళి ఆటలు కూడా నేర్చుకునేవాడు. అది వారికి జీవనోపాధి. తర్వాతి కాలంలో దాన్నే సంస్కృతీ రక్షణ అని పిలిచారు గాని, వాద్యకారులకు అప్పట్లో ఆ ఆలోచన లేదు. వృత్తిలో నేర్చిన పాట ఎంత గట్టిగా నిలుస్తుందో చెప్పడానికి ఈ సీమ కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఈ లోయ సంగీతం పరిశోధకుల చెవిన పడకపోలేదు. హంగరీ స్వరకర్త బేలా బార్తోక్ 1913 మార్చిలో ఫోనోగ్రాఫ్ మోసుకుని మారమరోష్ పల్లెలు తిరిగాడు. మైనపు సిలిండర్ల మీద రొమేనియన్ రైతుల పాటలు రికార్డు చేసి, 1923లో మ్యూనిక్‌లో పుస్తకంగా తెచ్చాడు. తాళానికి కట్టుబడని, ఊపిరి ఉన్నంతసేపు సాగే హోరా లుంగా అనే పాట పద్ధతి ఆయనకు ఇక్కడే తగిలింది. అరబ్, పర్షియన్ గానంతో దానికున్న పోలిక ఆయనను ఎంతో ఆశ్చర్యపరిచింది. బార్తోక్ శ్రద్ధ రైతు పాట మీద ఉంది. అదే ఊళ్ళ యూదుల సంగీతం ఆయన పుస్తకంలో చేరలేదు. ముప్పై ఏళ్ళలో అది వినే అవకాశమే లేకుండా పోతుందని 1913లో ఎవరూ ఊహించి ఉండరు.

అదే కాలంలో రష్యా సామ్రాజ్యం వైపు యూదు జానపద సేకరణ మొదలైంది. తర్వాత కీయెవ్‌లో మొయిసెయ్ బెరెగొవ్‌స్కీ (1892-1961) ఆ పనిని శాస్త్రీయంగా సాగించాడు. 1950లో సోవియట్ ప్రభుత్వం ఆయనను అరెస్టు చేసి, తర్వాత నిర్బంధ శిబిరానికి పంపింది. ఆయన రికార్డు చేసిన సిలిండర్లు నాశనమయ్యాయనే చాలాకాలం అనుకున్నారు. 1990ల్లో కీయెవ్‌లోని వెర్నాడ్‌స్కీ గ్రంథాలయంలో అవి బయటపడ్డాయి. మారమరోష్ యూదుల సంగీతానికి అంత పెద్ద సేకరణ ఏదీ లేదు.

1940 ఆగస్టు 30న జర్మనీ, ఇటలీ కలిసి ఇచ్చిన తీర్పుతో ఉత్తర ట్రాన్సిల్వేనియా తిరిగి హంగరీ చేతికి వచ్చింది. 1944 మార్చి 19న జర్మన్ సైన్యం హంగరీని ఆక్రమించింది. ఏప్రిల్‌లో మారమరోష్ యూదులను ఇళ్ళ నుంచి లాగి ఘెట్టోల్లో కుక్కారు. ఆ పని చేసింది హంగరీ ప్రభుత్వపు సాయుధ పోలీసులు. మే 15 నుంచి జూలై 9 వరకు, ఎనిమిది వారాల్లో, హంగరీ పాలనలోని ప్రాంతాల నుంచి సుమారు 4,37,000 మందిని రైలు పెట్టెల్లో తరలించారు. వారిలో అత్యధికులు ఆష్విట్జ్-బిర్కెనౌ మృత్యుశిబిరం చేరిన రోజే హత్యకు గురయ్యారు. మే చివరికి సిగెత్‌లో యూదు సమాజమన్నదే లేదు. ప్రాణాలతో తిరిగి వచ్చిన కొద్దిమందిలో చాలామంది తర్వాతి ఏళ్ళలో ఇజ్రాయెల్‌కో అమెరికాకో వెళ్ళిపోయారు. పెళ్ళికొడుకులు, పెళ్ళికవులు, యూదు వాద్యకారులు దాదాపు అందరూ ఒకే వేసవిలో పోయారు. మిగిలిన రోమా వాద్యకారులను యూదు పెళ్ళికి పిలిచేవారు లేరు. ఆ రోమాలు కూడా నాజీల హింసకు గురైనవారే.

ఈ కథలోకి ముజికాష్ ఎలా వచ్చిందో తెలియాలంటే బుడాపెస్టులో 1972లో మొదలైన ఉద్యమాన్ని చూడాలి. ఆ ఏడాది మే 6న నగరంలో తొలి తాంత్స్‌హాజ్ జరిగింది. ట్రాన్సిల్వేనియాలోని సేక్ అనే పల్లెలో యువకులు ఒక ఇంట్లో చేరి ఆడుకునే పద్ధతిని నగరంలోకి తెచ్చిన సభ అది. వేదిక మీద రంగు దుస్తుల ప్రభుత్వ నృత్య బృందాలను చూసి విసిగిన కుర్రకారు, చూడటం మాని తామే ఆడటం మొదలుపెట్టారు. వాయించాలంటే పల్లెకు వెళ్ళి, బతికున్న వాద్యకారుడి పక్కన కూర్చుని నేర్చుకోవాలన్నది ఆ ఉద్యమం నియమం. 2011లో యునెస్కో ఈ పద్ధతిని వారసత్వ పరిరక్షణలో మేలైన ఆచరణల జాబితాలో చేర్చింది. ముజికాష్ 1973లో ఈ వాతావరణంలోనే పుట్టింది. వయొలిన్ మిహాయ్ షిపోష్‌ది, బేస్ దానియేల్ హమర్‌ది. షాందోర్ చోరి, పేతెర్ ఏరి కొంత్రాతో పాటు ఇతర వాద్యాలు వాయించేవారు. గాయని మార్తా షెబెష్త్యేన్. 1996లో వచ్చిన 'ది ఇంగ్లిష్ పేషెంట్' సినిమాలో వినిపించిన హంగరీ జానపద గానం ఆమెదే.

రొమేనియాలో పల్లెలు తిరగడం ఆ రోజుల్లో తేలిక కాదు. దగ్గరి బంధువులు కాని విదేశీయులు పౌరుల ఇళ్ళలో బస చేయకూడదని 1974లో అక్కడి ప్రభుత్వం నిషేధం పెట్టింది. వృద్ధ వాద్యకారుడి ఇంట్లో ఒక రాత్రి ఉండి నాలుగు బాణీలు నేర్చుకోవాలన్నా ఆ కుటుంబాన్ని చిక్కుల్లో పడేసినట్టే. 1989 డిసెంబరులో రొమేనియా నియంత చౌషెస్కు పాలన కూలాకే రాకపోకలు సుగమమయ్యాయి. ఆ తర్వాత నాలుగేళ్ళ లోపే ఈ రికార్డు రావడంలో వింతేమీ లేదు.

ఆల్బంకు మూలాధారాలు రెండు. హంగరీ సంగీత పరిశోధకుడు జోల్తాన్ షిమోన్ సేకరించి ఉంచిన యూదు పాటలు ఒకటి. ప్రభుత్వాలు ఆదరించని విషయాన్ని పట్టుకుని ఓపికగా పనిచేసిన మనిషి ఆయన. రెండో ఆధారం యుద్ధానికి ముందు యూదుల పెళ్ళిళ్ళలో వాయించిన ఇద్దరు రోమా పెద్దలు, వయొలిన్ కళాకారుడు గెయోర్గే కొవాచ్, సింబలం కళాకారుడు ఆర్పాద్ తోని. బృందం వారి దగ్గర బాణీలు విని నేర్చుకుని అంతటితో ఊరుకోలేదు. రికార్డులో వారిచేతే వాయించింది. ఈ నిర్ణయం ఎంత సరైనదో రికార్డు వింటే తెలుస్తుంది. స్వరాలు కాగితం మీద రాసుకోవచ్చు. కమాను ఎక్కడ ఆగి ఎక్కడ తోసుకుపోతుందో, ఆటగాడి కాలు కోసం వేగం ఎంత వెనక్కి లాగాలో రాత చెప్పలేదు. అది ఆ పెళ్ళిళ్ళలో వాయించిన చేతికే తెలుసు.

సింబలం మన సంతూర్ కుటుంబపు వాద్యం. పలక మీద అడ్డంగా బిగించిన తీగెలను రెండు సన్నటి కర్రలతో కొడతారు. యూదు బృందాల్లో ఒకప్పుడు ఇది ప్రధాన వాద్యం. అమెరికా వెళ్ళిన క్లెజ్మర్‌లో మాత్రం త్వరలోనే వెనకబడిపోయింది. కొంత్రా అంటే తోడు వాయించడానికి మార్చుకున్న వయోలా. మూడే తీగెలు ఉంటాయి. తీగెలను మోసే గుర్రం వంపు లేకుండా చదునుగా ఉంటుంది. అందువల్ల ఒక్క కమాను లాగుడులో మూడు తీగెలూ కలిసి మోగుతాయి. వయొలిన్ పాట పాడుతుంటే కొంత్రా కింద నుంచి స్వరసమూహాలతో తాళం తోస్తుంది. బేస్ దెబ్బ దెబ్బకూ నేల చూపుతుంది. ఇందులో డ్రమ్ముల పని లేదు.

స్వరాల సంగతి తెలుగు పాఠకులకు చెప్పడం సులువు. యూదు ప్రార్థనల్లోనూ పెళ్ళి బాణీల్లోనూ ఎక్కువగా వినిపించే ఒక స్వరక్రమానికి అహవా రబ్బా అని పేరు. షడ్జమం, శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం దాని స్వరాలు. కర్ణాటక సంగీతంలో 14వ మేళకర్త వకుళాభరణం స్వరాలు ఇవే. మరొక యూదు క్రమం మీ షెబేరఖ్ స్వరాలు 58వ మేళకర్త హేమవతితో సరిపోతాయి. పోలిక స్వరస్థానాల వరకే. గమకం వేరు, నడక వేరు. శుద్ధ రిషభం నుంచి అంతర గాంధారానికి ఎగిరే ఆ ఎడం మాత్రం మన చెవికి కొత్తగా అనిపించదు. ఆ సంగీతంలో బాగా పేరున్న అలంకారం క్రెఖ్త్స్. స్వరం ముగిసే చోట గొంతు పూడుకుపోయినట్టు వేలిని చటుక్కున తేల్చి తెంపడం దాని పద్ధతి. ప్రార్థన గీతాలు పాడే గాయకుల గొంతు నుంచే అది వయొలిన్‌కు దిగిందని చెబుతారు.

ఆల్బంలో హసీదుల పెళ్ళి ఆటలున్నాయి, సిగెత్ ఆటలున్నాయి, సాస్‌రేగెన్ ఊరి పేరుతో ఒక యూదు ఆట ఉంది. అన్నిటికంటే ప్రసిద్ధమైనది 'సోల్ అ కకష్ మార్' అనే పాట. కోడి కూసిన వేళను చెబుతూ మొదలయ్యే ఈ పాటకు ఒక ఐతిహ్యం ఉంది. కాల్లో అనే ఊరి రెబ్బె ఐజిక్ టౌబ్ (1751-1821) పొలాల్లో నడుస్తుండగా ఒక గొర్రెలకాపరి కుర్రవాడు ఈ పాట పాడుతున్నాడట. రెబ్బె మనసు ఆ పాట మీద పడింది. నాణేలిచ్చి దాన్ని తనకు అమ్మమన్నాడు. కుర్రవాడు ఒప్పుకున్నాడు. డబ్బు చేతిలో పడగానే పాట అతని నోటి నుంచి మాయమై రెబ్బెకు వచ్చేసింది. దూరమైన వారు కలిసే వేళ కోసం ఎదురుచూసే ప్రేమపాట అది. హసీదులు దాన్ని ఆలయం మళ్ళీ లేచే రోజు కోసం, ప్రవాసం ముగిసే రోజు కోసం ఎదురుచూపుగా పాడుకున్నారు. మాటలు హంగరీ భాషవి, నడుమ హీబ్రూ వస్తుంది. రైతు పాట భక్తి పాటగా మారడంలో మతానికి అభ్యంతరం రాలేదు. రెండు సమాజాల మధ్య ఉన్న సాన్నిహిత్యానికి ఆ పాటే నిలువెత్తు సాక్ష్యం. 1944లో యూదులను రైలెక్కించిన రాజ్యపు భాష కూడా ఆ హంగరీ భాషే కాబట్టి, ఆ పాట వినడం కష్టంగా ఉంటుంది. మార్తా షెబెష్త్యేన్ దాన్ని కంపనం లేని నిలకడ గొంతుతో, పల్లెగాయని అలంకారాలతో పాడింది. ఎక్కడా భావోద్వేగాన్ని బలవంతంగా పిండలేదు. ఆల్బంలో ఉత్తమ భాగం ఇదేనని చెప్పవచ్చు. 'అనీ మామిన్' పాటను కూడా బృందం రికార్డు చేసింది. 12వ శతాబ్దపు తత్త్వవేత్త మైమోనిడీస్ పేర్కొన్న విశ్వాస సూత్రాల్లో మెస్సయ్య రాకను గురించినది ఆ పాటకు మూలం. నాజీ శిబిరాల్లో యూదులు పాడుకున్న పాటగా అది చరిత్రలో నిలిచింది.

ఆల్బం పేరులో ఆ సంగీతం అదృశ్యమైనదని ఉంది. ఆ మాట సగం వరకే నిజం. కాల్లో పాట ఎన్నడూ అదృశ్యం కాలేదు. ఐజిక్ టౌబ్ వంశీకుడు, ఆష్విట్జ్ నుంచి బతికి బయటపడ్డ రెబ్బె మెనాఖెమ్ మెండెల్ టౌబ్ (1923-2019) ఇజ్రాయెల్‌లో దాన్ని జీవితాంతం పాడాడు. గొంతుతో పాడే పాయ వలసవెళ్ళిన హసీదులతో బ్రూక్లిన్‌కూ బ్నేయ్ బ్రాక్‌కూ చేరి బతికింది. ఇంటివాళ్ళ పాట ఇంటివాళ్ళతోనే వెళ్ళింది. పోయింది పల్లె వాద్యబృందం. దాన్ని రోమా పెద్దల జ్ఞాపకం కొంతవరకు నిలిపింది. ఆ జ్ఞాపకానికీ హద్దుంది. ఆటబాణీలు బాగా నిలిచాయి, ఎందుకంటే వాటిని రాత్రంతా పదేపదే వాయించారు. సబ్బాతు బల్ల దగ్గరి నిగున్‌లను వాద్యకారులు వినే అవకాశమే తక్కువ. బద్ఖన్ అప్పటికప్పుడు కట్టిన యిద్దిష్ భాషా ప్రాసలు వారి జ్ఞాపకంలోకి చేరలేదు. అవి ఈ రికార్డులో లేవు.

అమెరికాలో జరిగిన క్లెజ్మర్ పునరుద్ధరణతో పోల్చినప్పుడు ఈ రికార్డు విలువ తేటపడుతుంది. న్యూయార్క్‌లో 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో వలస యూదుల కోసం 78 ఆర్‌పీఎం రికార్డులు తయారయ్యేవి. పక్కకు మూడు నిమిషాలే పట్టేది. 1925లో విద్యుత్ మైక్రోఫోన్ రాక ముందు కొమ్ముబూర ముందు వాయించాల్సి వచ్చేది. మెత్తటి తీగెవాద్యాలను ఆ బూర సరిగా పట్టుకోలేదు. బిగ్గరగా పలికే క్లారినెట్, ఇత్తడి వాద్యాలు అందులో నిలబడ్డాయి. నఫ్తూలె బ్రాండ్‌వైన్ (1884-1963), డేవ్ టారస్ (1895-1989) అనే ఇద్దరు క్లారినెట్ విద్వాంసుల కీర్తి ఆ రికార్డులతోనే వచ్చింది. 1970ల్లో కాలిఫోర్నియా బృందం ది క్లెజ్మోరిమ్ ఆ పాత రికార్డులు విని నేర్చుకుని 1977లో తొలి ఆల్బం తెచ్చింది. 1979లో ఆండీ స్టాట్‌మన్, జెవ్ ఫెల్డ్‌మన్ క్లారినెట్, మాండొలిన్, సింబలం కుటుంబపు త్సింబ్ల్‌తో మరొక ఆల్బం చేశారు. ఆ పునరుద్ధరణకు గురువులు చాలావరకు రికార్డులే. ముజికాష్‌కు గురువులు మనుషులు, అదీ యూదు పెళ్ళిళ్ళను కళ్ళారా చూసినవారు. క్లారినెట్ ఆధిపత్యం లేని, వయొలిన్ కేంద్రంగా సాగిన కార్పేథియన్ పల్లె పద్ధతి దానివల్ల మళ్ళీ వినబడింది.

ఆ దారిలో తర్వాత మరికొందరు నడిచారు. బుడాపెస్టులోనే 1990ల్లో బాబ్ కోహెన్ స్థాపించిన 'డి నయె కపెల్యె' బృందం మారమరోష్ మొదలుకొని మొల్దావియా వరకు తిరిగి, రోమా, హుత్సుల్, రొమేనియన్ వాద్యకారుల దగ్గర యూదు బాణీలు సేకరించింది. 1998లో తొలి ఆల్బం, 2001లో రెండోది విడుదలయ్యాయి. 2008లో వచ్చిన 'ట్రాక్టొరిస్ట్' ఆల్బంలో తేచో బృందం కూడా పాల్గొంది. తేచో తీసా నదికి ఉత్తరపు ఒడ్డున, ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న పాత మారమరోష్ పట్టణం. ఆ బృందం ఒకే కుటుంబపు అన్నదమ్ములది. ఊరి పెళ్ళిళ్ళలో ఉక్రెయిన్ పాటలు, హంగరీ పాటలు, రొమేనియన్ పాటలు వాయించే ఆ అన్నదమ్ములకు తండ్రి నుంచి యూదు ఆటబాణీలు కూడా అందాయి.